పిలకాయలతో కొండకా? ఏం కాదు, వచ్చేయండి!

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి చుట్టాల కరువుండదు. వేసవి సెలవులిస్తే చాలు, ఎప్పుడో ఒక పెళ్ళిలో కనబడిన మేనత్త తోటికోడలి తమ్ముడు కూడా ఫోన్ చేసి "బావా, రేపు కొండకొస్తా ఉండాం" అంటాడు. వాళ్ళ వెంట పిలకాయలుంటారు. పిలకాయల వెంట వాంతులు, బేదులు, జ్వరాలు ఉంటాయి. స్టేషన్లో దించుకోవడం, కొండకు ఎక్కించడం, మధ్యలో ఆసుపత్రికి తిప్పడం, ఇవన్నీ చేసీ చేసీ నాకొక శాస్త్రం ఒంటబట్టింది. ఆ శాస్త్రానికి మూలమంత్రం ఒకటే: ఏం కాదు.

మా చిన్నకోడలు పిల్లల వార్డులో నర్సు. నేను "ఏం కాదు" అన్నప్పుడల్లా "అవుతుంది మామా" అనడం ఆమెకు అలవాటు. చదివేవాళ్ళకు రెండు పక్కలా తెలియాలని అక్కడక్కడ ఆమె మాటలు కూడా ఇందులో రాశాను. వాటిని చదివి, పక్కన పెట్టి, నా మాట ప్రకారం నడుచుకోండి.

1. రెండు రోజుల్లో అయిదు గుళ్ళు

సెలవు రెండు రోజులే గదా అని ఒక్క తిరుమలతో సరిపెట్టుకునేవాళ్ళకు పుణ్యం విలువ తెలియదు. శనివారం తెల్లవారుజామున రైలు దిగగానే శ్రీకాళహస్తి. మధ్యాహ్నానికి తిరుచానూరు. సాయంత్రం కొండ. రాత్రంతా క్యూ. ఆదివారం దర్శనం కాగానే కాణిపాకం. అక్కడిదాకా వెళ్ళి వేలూరు శ్రీపురం బంగారు గుడి చూడకుండా వస్తే ఊళ్ళో తలెత్తుకోలేరు. కాళహస్తి తిరుపతికి ఒక దిక్కున, కాణిపాకం ఇంకో దిక్కున ఉన్నాయంటారా? తిరిగేది అద్దె వ్యాను గదా, తిరగనీండి.

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని కోడలంటుంది. ఆ లెక్కన పడుకోనిస్తే అయిదు గుళ్ళలో మూడు గల్లంతు. నిద్ర ఇంటి దగ్గరైనా పోవచ్చు. నిద్ర చాలక పిల్లాడు ఏడిస్తే ఏదో ఒకటి కొనిపెట్టండి. ఏం కొనిపెట్టాలో ముందు ముందు చెప్తాను.

2. ఘాట్ రోడ్డుకు కడుపు నింపండి

అలిపిరి దాటకముందే గట్టిగా తినిపించండి. నెయ్యి కారే పొంగలి, రెండు వడలు, చివర్న ఒక గ్లాసు చిక్కటి పాలు. బండి కదలగానే పిల్లాడి చేతికి ఫోనిచ్చి, వెనక సీటు మూలకు తోసి, తలొంచుకొని ఆడుకోమనండి. కిటికీలు బిగించి ఏసీ ముందర మల్లెపూల సెంటు డబ్బా తెరవండి.

1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులో 36 మలుపులున్నాయి. కొండ దిగే బండ్లన్నీ ఇప్పుడు దాని మీదుగానే వస్తాయి. 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. ప్రతి మలుపులోనూ చెవి లోపలుండే తూకపు భాగం "తిరుగుతున్నాం" అని మెదడుకు చెప్తుంది. ఫోను మీదున్న కన్ను "కదిలిందే లేదు" అంటుంది. ఈ తగవు తీర్చలేక మెదడు పొంగలిని బయటికి పంపిస్తుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపువాళ్ళకు ఈ బాధ ఎక్కువ. గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టి, ముందున్న రోడ్డు కనబడేట్టు కూర్చోబెట్టి, కిటికీ తెరిస్తే చాలావరకు తగ్గుతుందట. అప్పుడు సీటు కడిగే పని తప్పిపోయి డ్రైవరు చిన్నబుచ్చుకోడా?

డ్రైవరంటే గుర్తొచ్చింది, ఆయన్ను తొందరపెట్టండి. ఘాట్ రోడ్డు మీద ఇంత సేపు పట్టాలని చీటీ మీద టైము వేసి మరీ చూస్తారు గాని, మనవాళ్ళు మలుపులన్నీ సర్రున కోసుకుంటూ వచ్చి చివర్లో గేటుకు ఇవతల ఆగి వక్కాకు వేసుకుంటారు. చీటీ లెక్క సరిపోతుంది. కడుపు లెక్క పిల్లాడు చూసుకుంటాడు.

3. నీళ్ళు తాగితే ఒంటికొస్తుంది

క్యూలో పిల్లాడు "ఒంటికి" అంటే తీసుకుపోయేదెవరు? పొద్దున్నుంచే నీళ్ళు ఆపేస్తే ఆ సమస్యే రాదు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం గనుక ఇంటి నుంచి స్టీలు సీసా తెచ్చుకోవాలి. దాన్ని మరిచిపోండి. జలప్రసాదం కొళాయిల్లో శుద్ధిచేసిన నీళ్ళు ఊరికే ఇస్తారు. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది?

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నోరెండిపోవడం, కళ్ళు లోపలికి పోవడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, ఆరు గంటలైనా ఒంటికి పోకపోవడం, ఇవన్నీ ఒంట్లో నీళ్ళు తగ్గిన గుర్తులని కోడలు వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది. నాకైతే అట్లాంటి పిల్లాడు బుద్ధిమంతుడిగా కనిపిస్తాడు. పొద్దున్నుంచీ చేసిన అల్లరంతా మానేసి ఒళ్ళో వాలిపోతాడు, పాపం.

కొండ దిగాక దాహం తీర్చండి. రోడ్డు పక్కన నన్నారి సోడా, చెరుకురసం ఉన్నాయి. గోనెపట్టాలో చుట్టి తెచ్చిన ఐసు గడ్డను కిందపెట్టి, సుత్తితో కొట్టి, ఎగిరిపడ్డ ముక్కల్ని అదే చేత్తో ఏరి గ్లాసులో వేస్తారు. ఈ పద్ధతిలో ఒక సౌకర్యముంది. టైఫాయిడ్ సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల తర్వాత గాని బయటపడదు. నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అప్పటికి మీరు మీ ఊళ్ళో ఉంటారు, తప్పంతా బడి ముందర పానీపూరి బండివాడి మీదికి పోతుంది. టైఫాయిడ్‌కు హైదరాబాదు భారత్ బయోటెక్ వాళ్ళ టీకా ఉంది, ఆరు నెలలు నిండిన బిడ్డకు కూడా వేయొచ్చు. "ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించండి మామా" అంటుంది కోడలు. రెండు వారాల ముందు మనం తత్కాల్ టికెట్ల గురించే ఆలోచించం, ఇక టీకాలా!

4. తిండి: వేడిగా ఉన్నది ముట్టకండి

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఆవిర్లు కక్కే అన్నం, సాంబారు, మజ్జిగ వడ్డిస్తారు. అది తింటే పిల్లాడికి ఏమీ కాదు, ఇంటికెళ్ళాక చెప్పుకోడానికి కథే ఉండదు. దానికన్నా ముందురోజు రాత్రి కట్టుకున్న ఇడ్లీ, కొబ్బరి చట్నీ తీయండి. డిక్కీలో మధ్యాహ్నందాకా ఉడికిన ఆ చట్నీ మూత తీస్తే చిన్నగా తుస్సుమంటుంది, పైన సన్నటి నురగ, అంచుల్లో బుడగలు. పులుపెక్కి రుచి పెరిగిందని చెప్పి పిల్లాడి ప్లేటులో వేయండి. పెద్దవాళ్ళు మాత్రం "నాకెందుకో ఆకలిగా లేదు" అనండి.

మామిడి కాలమైతే తోతాపురి కాయను పూవులా కోసి ఉప్పూ కారం చల్లి అమ్ముతారు. ఈగలు వాలని బండి దగ్గర కొనకండి. ఈగలకు తెలియని రుచి మనకెట్లా తెలుస్తుంది? చేతులు సబ్బుతో కడగాలంటే సబ్బు బ్యాగు అడుగున ఉంటుంది, పంచెకు తుడిస్తే చాలు.

ఏడాది నిండని బిడ్డలకు అడవి తేనె నాకించండి. తేనెలో ఉండే ఒక రకం బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయని, బిడ్డ మెడ నిలపలేక, పాలు పీల్చలేక నీరసించిపోతుందని, దాన్ని బొటులిజం అంటారని కోడలు చెప్తుంది. ఏడాది దాటేదాకా తేనె వద్దే వద్దంటుంది. తేనెకు కూడా వయసు చూస్తారా అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

5. క్యూలో కష్టపడితేనే దర్శనం

ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు సుపథం నుంచి వేరే ప్రవేశం ఇస్తారు. బిడ్డ జనన ధ్రువపత్రం, మీ ఆధార్ వెంట ఉండాలి. ఆ కాగితాలు ఇంట్లో బీరువాలో పెళ్ళి ఆల్బం కింద భద్రంగా ఉంచి రండి. అడ్డదారిన చూస్తే స్వామి మెచ్చడు. చంటిబిడ్డను ఎత్తుకొని వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోండి. కంపార్టుమెంట్లలో పాలు, అన్నం, నీళ్ళు తెచ్చిస్తారు. పాలు రాగానే పెద్దవాళ్ళు కాఫీ లేదని గొణుక్కుంటూ రెండేసి గ్లాసులు తాగేయండి, పిలకాయలు నిద్రపోతున్నారు గదా.

తలుపు తెరవగానే జనం పరుగెత్తుతారు. పిల్లాడి చెయ్యి మాత్రం పట్టుకోండి, ఎత్తుకోకండి. వాడి ముఖం చుట్టూ ఉన్నవాళ్ళ నడుముల ఎత్తులో ఉంటుంది, గాలి కావాలంటే పైకి చూసుకుంటాడు. బ్రహ్మోత్సవాల్లో పోలీసులు పిల్లల చేతికి పేరు, ఫోను నంబరు రాసిన ట్యాగు కడతారు. పట్టుచొక్కా మీదికి అది నప్పదు, తీసేయండి.

6. గుండు బేరం

పుట్టువెంట్రుకలు తీయించడానికి కళ్యాణకట్టలో డబ్బు తీసుకోరు, కొత్త బ్లేడు ఇస్తారు. బయట దారిలో పిలిచేవాడి దగ్గర అవేం ఉండవు, బేరమాడే సంతోషం మాత్రం ఉంటుంది. కత్తి అంతకుముందు ఎవరి తల మీద నడిచిందో అడగడం మర్యాద కాదు. బిడ్డను గట్టిగా పట్టుకోమని నలుగురు చెప్తారు, మీరేమో ఫొటో తీస్తూ ఉండండి.

తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరిల్లో మంచు కమ్మి చలిగాలి కొడుతుంది. అప్పుడే గుండు గీసిన తల మీద చల్లటి గంధం పట్టించి, ఒంటి మీద చొక్కా లేకుండా చల్లనీళ్ళతో స్నానం చేయించి, తడి ఆరకముందే ఊరేగించండి. చంటిబిడ్డ ఒంటికి తల పెద్దది, దాన్నుంచి వేడి ఎక్కువగా పోతుంది, గంధం ఆరాక కుళ్ళాయి పెట్టమని కోడలంటుంది. కుళ్ళాయి పెడితే గుండు ఫొటోలో పడదు గదమ్మా!

7. మెట్లదారి

అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. పిలకాయలు ముందు పరుగెత్తుతారు. గాలిగోపురందాకా పరుగెత్తి, మోకాళ్ళ పర్వతం దగ్గర ఎత్తుకోమంటారు. కొత్త చెప్పులు కరుస్తాయి. మెట్ల మీద చెప్పులు లేకుండా ఎక్కే మొక్కైతే మధ్యాహ్నపు రాతి మీద బొబ్బలు. ఇవన్నీ భరించొచ్చు.

ఒక్కటి మాత్రం తమాషాకు కూడా రాయలేను. 2023 ఆగస్టు 11 రాత్రి ఈ దారిలోనే అమ్మానాన్నల కన్నా నాలుగడుగులు ముందు నడిచిన ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. అంతకు దాదాపు రెండు నెలల ముందు ఒక చిరుత ఇంకో పిల్లవాడిని పట్టి వదిలేసింది. ఆ తర్వాత దేవస్థానం వాళ్ళు మధ్యాహ్నం రెండు దాటితే పిల్లలను మెట్లదారిలోకి రానివ్వకుండా ఆంక్ష పెట్టారు. వయసు హద్దు తర్వాత మార్చారు గాని, కారణం మారలేదు. పొద్దున్నే బయల్దేరండి, పిలకాయల్ని మధ్యలో నడిపించండి. ఇది కోడలి మాట, నా మాట కూడా.

8. కోతి గీరితే పసుపు

మెట్ల మీద కోతులు, కింద వీధి కుక్కలు. పిల్లాడి చేతికి కొబ్బరి చిప్పో అరటిపండో ఇచ్చి కోతి ముందర నిలబెడితే ముచ్చటగా ఉంటుంది. గీరితే పసుపు పెట్టండి. కరిస్తే కాఫీపొడి. పెద్దగా కరిస్తే పసరు పోసేవాడి ఊరు వెతకండి. ఈలోగా చేయాల్సింది వేరే ఉందట: పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టి, మిగతా డోసులు చెప్పిన తేదీలకు వేయించుకోవడం. రేబిస్ లక్షణాలు ఒకసారి కనబడితే దాదాపుగా బతకరని, టీకాకు ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు అడగరని కోడలంటుంది. టీకా మధ్యలో తేదీలు గుర్తుపెట్టుకోవడం మన వంశంలో లేదు.

9. తలకోన

కొండ అయ్యాక తలకోన. 270 అడుగుల నుంచి పడే నీళ్ళు చూసి పిలకాయలు ఆగరు, మీరూ ఆపకండి. నాచు పట్టిన బండ మీద పెద్దవాళ్ళు సెల్ఫీ తీసుకుంటూ ఉంటే పిల్లల్ని చూసుకునే బాధ్యత అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. మునిగేవాడు సినిమాలో లాగా కేకలు పెట్టడని, చప్పుడు కాకుండా పోతాడని, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక మనిషి పనిగట్టుకొని ఉండాలని కోడలు పోరుతుంది. ఆమెను ఆ పనికే పెట్టి మనం భోంచేద్దాం.

నిద్రపోతున్న బిడ్డను కారులో వదిలి వెళ్ళడం ఇంకో సుఖం. అద్దాలు మూసిన కారు మన ఎండలో పది నిమిషాల్లోనే పొయ్యి మీది మూకుడవుతుంది. అద్దం ఒక వేలు సందు తెరిచాం గదా అనుకొని నిశ్చింతగా ఫిల్టర్ కాఫీ తాగండి.

10. మందుల సంచి

పోయినేడు మిగిలిన యాంటీబయాటిక్ సీసా తెచ్చుకోండి. పొడిలో నీళ్ళు కలిపాక అది వారం, పది రోజులకు మించి పనికిరాదని అట్టపెట్టె మీద రాసుంటుంది, అందుకే పెట్టె పారేయాలి. బేదులు చాలావరకు వైరస్‌తో వస్తాయి గనుక ఆ మందు ఎట్లాగూ పనిచేయదు, మిగిలిందో మిగల్లేదో అన్న దిగులుండదు.

జ్వరానికి పారాసిటమాల్ "ఒక స్పూను" పోయండి. ఏ సీసాలోంచి అని అడగకండి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 ఒక రకం, 250 ఇంకో రకం. బరువును బట్టి కిలోకు 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. పది కిలోల బిడ్డకు 150 చాలు. చుక్కల సీసాలోంచి స్పూను నింపితే 500, అంటే మూడింతలకు పైన. ఈ లెక్క కోడలు మా ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. దాని మీద నేను కరెంటు బిల్లు అంటించాను.

దగ్గుకు మెడికల్ షాపులో "ఏదో ఒకటి" అడగండి. 2025లో మధ్యప్రదేశ్ చింద్వాడాలో పసిపిల్లలు కల్తీ దగ్గుమందు తాగి కిడ్నీలు పాడై చనిపోయారు. దాంట్లో కలిసిన విషం పేరు డైఎథిలిన్ గ్లైకాల్. ఆ మందు తయారైంది మన పక్కనే, కాంచీపురంలో. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గుమందు వద్దని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. ఇంత జరిగాక కూడా షాపువాడిని "ఏదో ఒకటి" అని అడగగలగడానికి గుండె ధైర్యం కావాలి.

11. ఓఆర్‌ఎస్ ఎట్లా పాడుచేయాలి

బేదులకు ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి చాలు, దాన్ని సరిగా కలపకుండా ఉంటే అయిపోతుంది. లీటరు పొట్లమైతే మొత్తం లీటరు నీళ్ళలో వేయాలి. మీరు చిటికెడు తీసి గ్లాసులో వేయండి, లేదా పొట్లం మొత్తం గ్లాసులో కుమ్మరించండి. మొదటిది పనిచేయదు, రెండోది ఉప్పెక్కి ప్రాణం మీదికి తెస్తుంది.

లీటరు నీళ్ళలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖాయం చేసిన కొలత ఇది. గ్లూకోజు వెంటే ఉప్పు, ఉప్పు వెంటే నీళ్ళు పేగులోంచి రక్తంలోకి పోతాయి. తీపి ఎక్కువైతే నీళ్ళు తిరిగి పేగులోకే వస్తాయి, బేదులు పెరుగుతాయి. అందుకని రుచిగా ఉండే తీపి డబ్బా కొనండి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకొని అమ్ముడుపోయిన అట్లాంటి డబ్బాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆమె మన వ్యాపారం పాడుచేశారు.

స్పూనుతో కొంచెం కొంచెంగా పట్టించాలట, కక్కుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలట. దాంతోబాటు రోజుకొకటి చొప్పున 14 రోజులు జింకు మాత్ర. తల్లిపాలు, అన్నం ఆపకూడదట. మా అమ్మ కాలం నుంచీ బేదులంటే పస్తే గదా!

12. ఆసుపత్రి చివర, మొక్కు ముందర

తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది. కింద రుయా ఉంది, 108 ఉంది. బిడ్డ పాలు తాగకపోయినా, మూర్ఛ వచ్చినా, బేదుల్లో రక్తం పడినా, ఊపిరి ఎగపోస్తున్నా ఒక్క గంట కూడా ఆగకూడదని కోడలంటుంది. మనకు ఒక క్రమముంది. ముందు దిష్టి తీయాలి. తర్వాత "నీళ్ళు పడలేదు" అనాలి. తర్వాత ఎవరి ఇంటి భోజనం వల్ల వచ్చిందో తేల్చాలి, ఆ ఇల్లు ఎప్పుడూ మాదే అవుతుంది. అన్నీ అయ్యాక, రైలు వదులుకోవడం ఇష్టం లేక, జ్వరంతోనే ఎక్కించాలి.

ఊళ్ళో నాలుగు రోజులు సెలైన్ పెట్టించాక పెద్దవాళ్ళు అసలు కారణం కనిపెడతారు: మొక్కు చెల్లించడంలో ఏదో లోపం జరిగింది. అరకాసు తక్కువ వేశారో, నిలువుదోపిడీలో ఉంగరం దాచుకున్నారో. పిల్లాడు లేచి తిరిగితే మళ్ళీ కుటుంబసమేతంగా వస్తామని అక్కడికక్కడే ముడుపు కడతారు. పిల్లాడు లేచి తిరుగుతాడు. ఫోన్ వస్తుంది, "బావా, మొక్కు తీర్చుకోడానికి వస్తా ఉండాం, ఈసారి అరుణాచలం కూడా కలిపినాం" అని. నేను రమ్మంటాను. మా కోడలు మాత్రం ఫోన్ లాక్కొని పిల్లాడి బరువెంత అని అడుగుతుంది.